పాకం తొట్టి: పొగిడిందీ నేనే, తిట్టుకుంటున్నదీ నేనే

తేనెటీగల పెట్టె లోపల ఒక ఫ్రేము (ఈగలు తుట్టె కట్టుకునే చట్రం) స్థానంలో నిలబడే ప్లాస్టిక్ పాకం తొట్టిని నాలుగేళ్ల క్రితం కొన్నాను. పూలు లేని రోజుల్లో ఈగలకు మేతగా చక్కెర నీళ్లు పోసేది ఇందులోనే. కొన్న కొత్తలో అడిగినవారికీ అడగనివారికీ దాని గొప్పలు చెప్పాను. ఆ మాటలు వెనక్కి తీసుకోవడం లేదు కానీ, వాటికి కొంచెం తోక తగిలించాల్సి వచ్చింది.

మా మదనపల్లె పెరట్లో ఉన్నది ఒకే పెట్టె, ఇటాలియన్ ఈగలు. మొదట్లో పాకం సీసా బయట పెట్టేవాణ్ణి. పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉన్నా చీమలు ఏదో ఒక దారి కనిపెట్టేవి. పక్క పట్టుల ఈగలు దోపిడీకి దిగేవి. తొట్టి వచ్చాక ఆ రెండు బాధలూ తీరాయి. మూత తీసి, రెండు లీటర్లు పోసి, మూత వేయడమే. ఈగలు మునిగిపోకుండా నాలుగు వెదురు పుల్లలు వేస్తే చాలు. (పాకం అన్నది పేరుకే. పొయ్యి మీద మరిగించకూడదు, మాడిన చక్కెర ఈగలకు పడదు. గోరువెచ్చని నీళ్లలో కరిగిస్తే సరిపోతుంది.)

ఆ సుఖమే నా కొంప ముంచింది. వానాకాలంలో మా ఇంటి చుట్టుపక్కల పూలు తక్కువ. చక్కెర, నీళ్లు సమానంగా కలిపి పోస్తే బయట పూలు విరగబూశాయనుకుని రాణి ఈగ గుడ్లు ఎక్కువగా పెడుతుందని విన్నాను. తొట్టి ఖాళీ అయినప్పుడల్లా నింపాను. రెండు రోజులకే ఖాళీ చేసేవి. పాపం, ఎంత ఆకలితో ఉన్నాయో అనుకునేవాణ్ణి. అది ఆకలి కాదు, దాచుకునే గుణం. తేనెటీగకు పెట్టేవాడే 'చాలు' అనాలి, అది తనంతట తాను అనదు.

నిరుడు సెప్టెంబరు చివర కింది గది, అంటే పిల్లల గది, తెరిచి చూశాను. తొమ్మిది ఫ్రేముల్లో ఆరు పాకంతో బరువెక్కి ఉన్నాయి. పై అంచుల్లో ఉంటే సరే అనుకోవచ్చు. మధ్యలో పిల్ల ఈగలు బయటికి వచ్చి ఖాళీ అయిన అరలను కూడా నింపేశాయి. గుడ్లు రెండు ఫ్రేముల్లో, అదీ అరచేతి మేర. పాపం రాణి ఈగ ఆ ఫ్రేముల మీద అటూ ఇటూ తిరుగుతోంది, పెట్టడానికి చోటేదీ? గుడ్డు కూలి ఈగగా బయటికి రావడానికి 21 రోజులు. ఇంటిపని ముగించి పూల మీదికి వెళ్లడానికి ఇంకో మూడు వారాలు. కుంకుడు పూతకు నవంబరులో వెళ్లాల్సిన ఈగలు సెప్టెంబరులో గుడ్లుగా పడి ఉండాలి. గుడ్ల కోసం పోసిన పాకంతో ఆ గుడ్లకే చోటు లేకుండా చేశాను.

పూర్తిగా మైనం మూత పడిన మూడు ఫ్రేములు తీసేసి, నడుమ ఖాళీ తుట్టెలు పెట్టాను. నాలుగు రోజుల్లో వాటిలో గుడ్లు కనిపించాయి. సగం పాకం, సగం పిల్లలు ఉన్న ఫ్రేములతోనే చిక్కు. వాటిని తేనె తీసే యంత్రంలో వేసి తిప్పితే పిల్ల పురుగులు కూడా ఎగిరి పడతాయి. మూతలు ముళ్ల చెంచాతో గీరి పెట్టెలో చివరన పెడితే ఈగలే తోడుకుని తినేస్తాయని ఒకాయన చెప్పారు. నా ఈగలు తోడుకున్నాయి, తినలేదు. తెచ్చి మళ్లీ పిల్లల మధ్యలోనే దాచాయి.

అసలు సంగతి తర్వాత బయటపడింది. వినాయక చవితికి అమ్మ బూందీ రంగు కలిపిన గిన్నెను సరిగా కడగకుండా అందులోనే ఒకసారి పాకం కలిపాను. నారింజ రంగు తేలింది. పారబోయడానికి మనసొప్పక తొట్టిలో పోసేశాను. అక్టోబరు చివర కుంకుడు పూత మొదలవుతుండగా, మనం తీసుకునే తేనె కోసం పై గది ఎక్కించాను, మధ్యలో రాణి ఈగను ఆపే జాలీ వేసి. నవంబరు మధ్యలో పై ఫ్రేము ఒకటి తీసి ఎండకు అడ్డం పట్టి చూస్తే లేత తేనె అరల మధ్య అక్కడక్కడా నారింజ రంగు మెరిసింది. జాలీ ఆపేది రాణిని. కింద గుడ్లకు చోటు చేయడానికి పాకాన్ని పైకి మోసే కూలి ఈగలను ఆపదు కదా. వాటి ఇల్లు అవి సర్దుకున్నాయి, తప్పు పట్టలేం.

అంతకు ముందు ఏడాది కూడా ఇదే తొట్టి, ఇదే పోత, రంగు ఒక్కటే లేదు. ఆ తేనెను సీసాల్లో పోసి వీధిలో పంచాను. "ఇలాంటి తేనె బజారులో దొరకదు నాయనా" అన్నారు ఎదురింటి అత్తయ్యగారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తలేను.

ఇప్పుడు ఒకసారికి అర లీటరే, అదీ ఫ్రేములు చూశాకే. రెండు ఫ్రేములు నిండుగా కనిపిస్తే తొట్టి ఎండిపోవాల్సిందే. పై గది ఎక్కించడానికి చాలా ముందే దాన్ని బయటికి తీసేస్తున్నాను. తొట్టి గోడలు కూడా ఈ నాలుగేళ్లలో ఉబ్బి పక్క ఫ్రేమును నొక్కుతున్నాయి, కొన్నప్పుడు ఈ సంగతి చెప్పినవారు లేరు. ఆదివారాల్లో మాత్రమే పెట్టె తెరవగలిగే నాలాంటివాడికి చీమల దృష్ట్యా ఇప్పటికీ ఇదే నయం. యాభై పెట్టెలు లారీలో వేసుకుని పూత వెంట తిరిగేవారి లెక్క వేరే ఉండవచ్చు.

తీసిన మూడు ఫ్రేములను మైనపు పురుగు పట్టకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. కూరగాయలకు చోటు లేదని అమ్మ నాలుగు నెలలు సణిగింది. ఫిబ్రవరిలో పట్టును విడదీసి చిన్న పెట్టె కట్టినప్పుడు వాటిని అందులో పెట్టాను, ఆ పెట్టెకు ఒక్క చుక్క పాకం పోయాల్సిన పని పడలేదు. ఆ పాత పంటలో మిగిలిన ఒక సీసా మీద తేనె అన్న కాగితం చింపి 'పాకం' అని రాశాను. అమ్మ దాన్ని నిమ్మరసంలోకి వాడుతోంది.