పక్కవాద్యం లేని కచేరీ: పద్దెనిమిదేళ్లుగా వింటున్న తకాచ్ క్వార్టెట్

క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో వాయించే నలుగురి బృందం; వాళ్ల కోసం రాసిన రచననీ క్వార్టెట్ అనే అంటారు. తకాచ్ క్వార్టెట్ అనే బృందం వాయించిన, జర్మన్ స్వరకర్త బీతోవెన్ చివరి క్వార్టెట్ల సెట్టు, మూడు సీడీలు, 2007లో మా ఇంటికి వచ్చింది. అమెరికా నుంచి వస్తూ మా తమ్ముడు చాక్లెట్లతో పాటు తెచ్చాడు. వాళ్లను ఎదురుగా కూర్చుని వినే అదృష్టం నాకు పట్టలేదు. కాబట్టి నేను చెప్పేదంతా రికార్డింగుల గురించే.

నేను ఏడేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు వినపడితే చాలు చేతులు జోడించే మాస్టారి దగ్గర. మా విశాఖ కళాభారతిలో కచేరీకి వెళితే మధ్యలో గాత్రం, ఓ పక్క వయొలిన్, ఇంకో పక్క మృదంగం. ఆ అలవాటుకొద్దీ మొదటి ఏడాదంతా ఈ సీడీల్లో నాకు వినపడింది ఫస్ట్ వయొలిన్ ఒక్కటే. మిగతా ముగ్గురూ పక్కవాద్యం అనుకున్నాను.

ఆ భ్రమ ఓపస్ 131 అనే క్వార్టెట్‌తో పోయింది (ఓపస్ అంటే రచన వరస సంఖ్య). ఏడు భాగాలు, మధ్యలో ఎక్కడా ఆగకుండా దాదాపు నలభై నిమిషాలు. మొదట ఫస్ట్ వయొలిన్ ఒంటరిగా ఓ చిన్న పలుకు పలుకుతుంది. దాన్నే సెకండ్ వయొలిన్, ఆ తర్వాత వయోలా, చివరికి చెల్లో అందుకుంటాయి. అందుకునే చోటే బృందం సంగతి తెలిసిపోతుంది. ఫస్ట్ వయొలిన్ ఎడ్వర్డ్ డసిన్‌బెరీ తన మాట చెప్పేసి పక్కకు జరుగుతాడు, పెద్దరికం చూపించడు. సెకండ్ వయొలిన్ కారొయ్ శ్రాంట్స్ అయితే పెళ్లింట్లో ఒక్క ఫొటోలోనూ పడకుండా పనంతా నడిపించే బాబాయి లాంటివాడు. ఆయన్ని వినడం నాకు ఐదారేళ్లకు గానీ చేతకాలేదు. 1975లో బుడాపెస్ట్‌లో నలుగురు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ బృందంలో ఆయన మొదటి నుంచీ ఉండి 2018లో తప్పుకున్నారు. ఆ వార్త చదివిన రోజు సెకండ్ వయొలిన్ ఒక్కదాన్నే పట్టుకుని సెట్టంతా మళ్లీ విన్నాను.

ఓపస్ 132 మూడో భాగం దగ్గర మన చెవికి ఇంకో తమాషా ఉంది. అది లిడియన్ అనే పాత పాశ్చాత్య స్వరక్రమంలో రాసింది, అంటే మన కల్యాణి రాగం స్వరాలే, ప్రతి మధ్యమంతో సహా. అయినా కల్యాణి కాదు. గమకం లేదు, స్వరాలు కదలకుండా నిలబడతాయి. వీళ్లు విల్లును తీగ మీద ఆనించీ ఆనించనట్టు లాగుతారు. కల్యాణి కోసం వెతికినన్నాళ్లూ నాకు విసుగే మిగిలింది. వెతకడం మానేశాకే అది చెవికెక్కింది.

1825లో పెద్ద జబ్బు నుంచి కోలుకున్నాక దేవుడికి కృతజ్ఞతగా బీతోవెన్ ఈ భాగం రాశాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మా వీధికి ఎనిమిదో రోజున కరెంటొచ్చింది. మోటారు వేసి ట్యాంకు నింపుకున్నాక సీడీ ప్లేయర్ బతికుందో లేదో చూద్దామని ఆన్ చేశాను. లోపల ఉన్న డిస్కు ఇదే. మధ్యలో 'కొత్త బలం వస్తోంది' అని ఆయన రాసుకున్న చోట వయొలిన్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. వాకిట్లో వేపచెట్టు మాత్రం పడిపోయే ఉంది.

లోపాలూ ఉన్నాయి. మెల్లగా వాయించే చోట మరీ మెల్లగా వాయిస్తారు. మే నెలలో ఫ్యాన్ వేస్తే పాట వినపడదు, ఆపితే ఉక్కకి కూర్చోలేం. తెల్లవారుజామున నాలుగున్నర తప్ప నాకు వేరే దారి దొరకలేదు. గట్టి చోట్ల విల్లు దెబ్బ మరీ పదునుగా పడుతుంది, హెడ్‌ఫోన్స్‌లో గంట దాటితే తల పట్టేస్తుంది. ఈ సెట్టులోనే ఉన్న 'గ్రోసె ఫూగె' అనే కరకు రచన మొదలైతే మా ఆవిడ వంటింట్లోంచే "ఏమండీ, తలుపేసుకోండి" అంటుంది. తప్పు పట్టలేను, నాకూ దానితో సయోధ్య కుదరడానికి చాలా ఏళ్లే పట్టింది. సముద్రపు గాలికి రెండు ప్లేయర్లు పోయాయి, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించుకుని వింటున్నాను.

కొత్తగా వినేవాళ్లు చివరి క్వార్టెట్లతో మొదలుపెట్టొద్దు. వీళ్లకు గ్రామీ అవార్డు తెచ్చిన, బీతోవెన్ మధ్యకాలం క్వార్టెట్ల సెట్టు తీసుకోండి. అందులో ఓపస్ 59లోని మొదటి క్వార్టెట్ పెట్టండి. రాగం ఎత్తుకునేది చెల్లో, వయొలిన్ కాదు.