పోర్ట్‌ల్యాండ్ బిల్‌లో శరదృతువు: దీపపు ఎర పక్కనే బస

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ ప్రాంతపు చివరన, పోర్ట్‌ల్యాండ్ అనే రాతి దీవి సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. దాని దక్షిణపు కొస పోర్ట్‌ల్యాండ్ బిల్. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా దక్షిణానికి తరలిపోయే పక్షులకు నేల ఇక్కడితో అయిపోతుంది కనుక, ఇంగ్లిష్ ఛానల్ దాటే ముందు అవి ఇక్కడి రాతిగోడల మీదా పొదల్లోనూ ఆగి మేత తింటాయి. అదే కాలంలో దక్షిణ యూరప్ వైపు నుంచి వెచ్చని గాలులతో పాటు చిమ్మటలు (సీతాకోకచిలుకలను పోలిన, రాత్రి ఎగిరే పురుగులు) రాత్రివేళ ఈ కొసకు చేరుకుంటాయి. ఈ రెండు వలసలనూ ఒకే ప్రయాణంలో చూడాలని నేనూ మా శ్రీమతీ సెప్టెంబరు రెండో సగంలో అక్కడికి వెళ్లాం.

లండన్ వాటర్లూ నుంచి వేమత్ పట్టణానికి నేరుగా రైలు ఉంది, సుమారు మూడు గంటల ప్రయాణం. మొదట వేమత్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక అతిథిగృహంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, యజమానులు మర్యాదస్తులు. కానీ అల్పాహారం ఎనిమిదింటికి గాని పెట్టరు. అది తిని, బస్సెక్కి, చివరి కొంత దూరం నడిచి బిల్ చేరేసరికి రాత్రి దీపపు ఎరలో పడిన చిమ్మటల లెక్క ముగిసిపోయేది, తెల్లవారుజామున దిగిన పక్షులు సగం ముందుకు సాగిపోయేవి. ఈ పని మీద వెళ్లేవారికి పట్టణంలో బస సరిపడదని నా అభిప్రాయం.

తరువాత బిల్ దగ్గరే ఉన్న పక్షుల పరిశీలన కేంద్రం పోర్ట్‌ల్యాండ్ బర్డ్ అబ్జర్వేటరీకి మారాం. 1906లో కొత్త దీపస్తంభం వెలిగిన తరువాత పని ఆగిపోయిన పాత దీపస్తంభంలోనే 1961 నుంచి ఈ కేంద్రం నడుస్తోంది. పడక గదులు మరికొందరితో పంచుకోవాలి, దుప్పట్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి, వంట మనమే చేసుకోవాలి. ఏకాంతం కోరేవారికి ఇబ్బందే. అయితే ఖర్చు హోటల్‌తో పోలిస్తే చాలా తక్కువ, పైగా తలుపు తీస్తే తోటలోనే దీపపు ఎర ఉంటుంది.

మన వరి పొలాల్లో కాండం తొలిచే పురుగు ఉధృతి తెలుసుకోవడానికి రైతులు పెట్టే దీపపు ఎర సూత్రమే ఇక్కడిదీ. ప్రకాశవంతమైన మెర్క్యురీ దీపం, దాని కింద గరాటు, ఆ కింద పురుగులు దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు. చంపే మందు ఏదీ ఉండదు. తెల్లవారగానే ఒక్కో అట్టనూ మెల్లగా ఎత్తి, జాతుల పేర్లూ లెక్కా పుస్తకంలో రాసుకుని, ముక్కున కరుచుకుపోవడానికి పక్కనే కాచుకుని ఉండే రాబిన్ పిట్టకు అందకుండా చిమ్మటలను దట్టమైన పొదల్లోకి వదిలేస్తారు. మేమున్న ఒక ఉదయం ఆఖరి అట్ట కింద కన్వాల్వ్యులస్ హాక్‌మాత్ అనే చిమ్మట కనిపించింది. రెక్కలు బూడిద రంగువి, పొట్టకు ఇరువైపులా గులాబీ పట్టీలు. ఎగరడానికి ముందు ఒంట్లో వేడి పుట్టించుకోవడం కోసం అది మా శ్రీమతి వేలిమీద చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మన చిలగడదుంప తీగలను తినే కొమ్ము పురుగు ఈ జాతి పిల్లే అని అక్కడివారికి చెబితే ఎంతో ఆసక్తిగా విన్నారు.

పొదల మధ్య కట్టిన సన్నని వలల్లో చిక్కిన పక్షులను గుడ్డసంచుల్లో తెచ్చి, రెక్క కొలిచి, బరువు తూచి, కాలికి గుర్తింపు రింగు తొడుగుతారు. బ్లాక్‌క్యాప్ పిట్ట పొట్ట మీద ఈకలను నోటితో ఊది పక్కకు తొలగిస్తే, పలుచని చర్మం కింద ప్రయాణం కోసం దాచుకున్న కొవ్వు పసుపుగా కనిపిస్తుంది. పుస్తకాల్లో వలస గురించి ఎంత చదివినా నాకు అంత స్పష్టంగా ఎన్నడూ అర్థం కాలేదు. చూసేవారు అడ్డు రాకుండా నిలబడితే చాలు, సిబ్బంది ఓపికగా వివరిస్తారు.

మిగతా చోట్లలో వేమత్‌కూ పోర్ట్‌ల్యాండ్‌కూ మధ్య ఉన్న ఫెర్రీబ్రిడ్జ్ తప్పక చూడదగినది, కానీ ఆటుపోట్ల వేళలు చూసుకునే వెళ్లాలి. పోటు మీదుంటే బురద మేటల మీద మేసే డన్లిన్ల వంటి పక్షులు ఉండవు. వేమత్ రైల్వే స్టేషన్‌కు నడక దూరంలోనే ఉన్న రాడిపోల్ సరస్సు రెల్లుదుబ్బుల్లో గడ్డపు పిట్టలు ఉన్నాయి. చక్రాల కుర్చీ వాడేవారికీ చిన్నపిల్లలున్నవారికీ బిల్ రాళ్ల కంటే ఇదే అనువు. వీటియర్లు, ఎల్లో వాగ్‌టెయిల్స్ అనే వలస పిట్టల కోసం మాత్రం బిల్‌కే రావాలి.

తేదీల ఎంపికలో చంద్రుణ్ణి గమనించాలి. పున్నమి దగ్గరి నిర్మలమైన చల్లని రాత్రుల్లో ఎరలోకి వచ్చే చిమ్మటలు బాగా తగ్గిపోతాయి. మబ్బు పట్టి, దక్షిణపు గాలి వీచే ఉక్క రాత్రులు వాటికి అనుకూలం. వీటియర్లు, వానకోవెలలు ముఖ్యమైతే సెప్టెంబరు మంచిది. అరుదైన వలస చిమ్మటలు ముఖ్యమైతే అమావాస్యకు దగ్గరగా అక్టోబరు మొదటి సగం చూసుకోవచ్చు. పడకలు పరిమితం కనుక ముందే మాట్లాడుకోవాలి. పోర్ట్‌ల్యాండ్ బిల్ దగ్గర కొనడానికి దొరికేవి తక్కువ. శాకాహారులు బియ్యం, పప్పు, పోపుసామాను వేమత్ నుంచే తీసుకెళ్లడం మంచిది.