వెంకటాపురం నుంచి ఎక్కడమా, శ్రీశైలం నుంచి దిగడమా?

శివరాత్రి దగ్గరపడేసరికి కర్నూలులో పాదయాత్రకు సిద్ధమయ్యేవారు ఏటా అడిగే ప్రశ్న ఇది. అందరిలాగే ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల ఎక్కాలా, లేక బస్సులో ముందే శ్రీశైలం చేరి, దర్శనం ముగించుకొని, అదే బాటలో కిందికి నడిచి రావాలా? నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం అనే మజిలీల వరుస, ఎక్కేటప్పుడు వచ్చేది, అందరికీ తెలిసినదే.

దిగి రావడంలో సౌకర్యం లేదనను. నడక ముగిసేసరికి ఇంటికి దగ్గరగా ఉంటాము, దర్శనం అయిందన్న నిశ్చింత ఉంటుంది, పైగా అన్నిటికంటే కఠినమైన భీముని కొలను లోయ కాళ్లు అలసిపోకముందే దాటిపోతుంది. మొదటిసారి విన్నవారెవరికైనా ఈ మూడో మాట తిరుగులేనిదిగానే తోస్తుంది.

అయితే ఆ లోయను ఎంత బలంతో దాటుతామన్నదాని కంటే ఏ వేళకు దాటుతామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. వెంకటాపురం నుంచి బయలుదేరేవారికి వేళ తమ చేతిలో ఉంటుంది. ఎండ వాలాక నడక మొదలుపెట్టి, దారిలోని శిబిరాల్లో రాత్రి విశ్రమించి, తెల్లవారుతుండగా పెచ్చెరువు దాటగలిగితే, భీముని కొలనులోకి దిగి కైలాసద్వారం వైపు మెట్లెక్కే ఘట్టమంతా చల్లటి పూటలోనే గడిచిపోతుంది. శ్రీశైలం నుంచి దిగేవారి వేళను నిర్ణయించేది దర్శనం వరుస. పండుగ రోజుల్లో అది ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు కనుక, చాలామంది మిట్టమధ్యాహ్నం ఆ రాతిమెట్ల మీద ఉంటారు. లోయ దాటిన తరువాత కూడా అడవి దారి దాదాపు అంతా ముందే మిగిలి ఉంటుంది. ఉగాది యాత్రకైతే ఎండ ఇంకా ఎక్కువ. రాత్రి నడిచి ఆ లోటు పూడ్చుకుందామనుకుంటే వెన్నెల తోడు రాదు: శివరాత్రి బహుళ చతుర్దశి, ఉగాది అమావాస్య మరునాడు.

ఓపిక పూర్తిగా సన్నగిల్లినప్పుడు ఎక్కడ ఉంటామన్నదీ ఆలోచించవలసిందే. వెంకటాపురం నుంచి వచ్చినవారు కఠినమైన భాగం ముగించేసరికి కైలాసద్వారం దగ్గర ఉంటారు; శ్రీశైలం వైపు వాహనాలు వచ్చే దారి అక్కడికి అందుతుంది. ఎదురు దిశలో అదే అలసటతో లోయ దాటినవారు నట్టడవిలో ఉంటారు.

జనప్రవాహం సంగతి వేరే చెప్పాలి. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి ఉగాదికి ముందు కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులందరూ పైకే వెళ్తారు. నెత్తిన మూటతో, చేతిలో కర్రతో, రొప్పుతూ ఎక్కేవారికి ఎదురుగా ఆ మెట్లు దిగడం ఇద్దరికీ ఇబ్బందే. అన్నదాన శిబిరాలు, నీటి ఏర్పాట్లు కూడా పైకి వెళ్లేవారి కోసమే. పండుగ ముగిశాక దిగేవారు వాటి మీద ఆధారపడరాదు. ఇది పులుల అభయారణ్యం కాబట్టి, అటవీశాఖ యాత్రికులను అనుమతించే రోజులను బట్టే ఏ దిశ నడకైనా పెట్టుకోవాలి.

రానూపోనూ నడవడం కుర్రవాళ్లకు తప్ప సలహా ఇవ్వదగినది కాదు. త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం అనే శ్రీశైల క్షేత్రపు నాలుగు ద్వారాల మాట కూడా కొందరు ఎత్తుతారు గాని, అవి వేరే బాటల సంగతి.

కనుక వెంకటాపురం నుంచి ఎక్కడమే నా ఎంపిక. మోకాళ్ల నొప్పులున్నవారికి ఏ దిశా సులువు కాదు, ఎటు నడిచినా లోయలోకి దిగక తప్పదు. తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకొనేవారు ఒకటి గమనించాలి: బాట అడవికి అడ్డంగా పోతే, రోడ్డు దోర్నాల మీదుగా చుట్టి వస్తుంది, మామూలు రోజుల్లో ఆ అడవి రోడ్డు మీద రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు కాబట్టి పగటి బస్సే చూసుకోవాలి.