పాత అట్టపెట్టెల పూసలని కొంటే రంగు జాకెట్టుకి అంటింది, జాగ్రత్త

ఇంట్లో కూర్చుని దండలు, చెవి రింగులు చేసి అమ్ముకునే ఆడవాళ్లు ఇది ఒకసారి చదవండి. "వాడేసిన ప్యాకింగ్ అట్టలతో, చేత్తో చేసిన ఫ్లాట్ పేపర్ పూసలు" అంటూ ఫొటోలు పెట్టి అమ్ముతున్నవాళ్ల దగ్గర 300 పూసలు కొని మోసపోయాను.

ధర 1,150 రూపాయలు. షాపింగ్ యాప్‌లో ఆర్డర్ పెట్టిన గంటకే అమ్మేవాళ్ల నుంచి మెసేజ్: "అది క్యాన్సిల్ చేసి మాకు నేరుగా ఫోన్‌పే చేయండి మేడం, 150 తగ్గిస్తాం." 150కి ఆశపడి అలాగే చేశాను. మీరు మాత్రం చేయకండి.

పార్సిల్ విప్పితే ముచ్చటగానే ఉన్నాయి. తళతళలాడుతూ గుండ్రంగా, అన్నీ ఒకే సైజు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. ఇంట్లో నేను టీపొడి పెట్టె, టూత్‌పేస్ట్ పెట్టె, అగరుబత్తి పెట్టె కత్తిరించి, పొరల మధ్య దారం దూరడానికి చీపురుపుల్ల పెట్టి అతికిస్తాను. ఒక పూస మీద అక్షరం తోక పడుతుంది, ఇంకోదాని మీద బార్‌కోడ్ గీతలు పడతాయి. ఏ రెండూ ఒకేలా రావు. వీళ్ల పూసల మీద మాత్రం అదే ఆకు, అదే మూలన, మూడొందల్లోనూ. కొత్త కాగితం మీద ప్రింటు కొట్టి మెషీన్‌తో కోసినవన్నమాట.

పోనీలే, చూడ్డానికి బాగున్నాయి కదా అని పది జతల రింగులు, ఒక దండ చేసి అమ్మేశాను. దండ మా వీధిలో పిన్నిగారు తీసుకుని పెళ్లికి వేసుకెళ్లారు. మే నెల, మండపంలో ఒకటే చెమట. సాయంత్రానికి పూసల అంచులు ఉల్లిపొరల్లా లేచిపోయి, ఎర్ర రంగంతా ఆవిడ మీగడ రంగు జాకెట్టు మెడకి పట్టేసింది. ఒక్క మాట అనకుండా ఆ జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పుడు ఒక పూస నీళ్లలో వేసి చూశాను. కాసేపటికే పైపూత పాలలా తెల్లబడి జిగటగా అయింది. వార్నిష్ వేయలేదు, మామూలు తెల్ల జిగురే పూశారు. అది ఆరితే మెరుస్తుంది, తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. నాలుగు పొరలన్నారు, విప్పితే రెండే.

కాబట్టి ముందు ఓ ఐదు పూసలు శాంపిల్ అడగండి. తడి దూదితో గట్టిగా రుద్దండి, రంగు వచ్చిందా, వదిలేయండి. పక్క నుంచి అంచు కూడా చూడండి. మన ఇళ్లకొచ్చే చాలా పెట్టెల అట్ట పాత కాగితం గుజ్జుతో చేసింది, లోపలివైపు బూడిద రంగులో ఉంటుంది. అన్నీ అలా ఉండవు, తెల్లగా ఉండేవీ ఉన్నాయి. కానీ మూడొందలకి మూడొందలూ మల్లెపూవుల్లా ఉంటే మాత్రం నమ్మొద్దు.

డబ్బు వెనక్కి అడిగితే ముందు పార్సిల్ విప్పిన వీడియో ఉందా అన్నారు. ఉంది, పంపాను. తర్వాత "హ్యాండ్‌మేడ్ ఐటమ్‌కి రిటర్న్ లేదు మేడం" అన్నారు. ఏ చేతులతో చేశారో మరి! ఆ తర్వాత నంబర్ బ్లాక్. యాప్‌వాళ్లని అడిగితే ఆర్డర్ క్యాన్సిల్ అయిపోయింది కదా, మాకు సంబంధం లేదన్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, చాటింగ్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు దాచి ఉంచాను. వారమైంది, ఇంకా ఏమీ తేలలేదు.

పిన్నిగారికి కొత్త జాకెట్టు గుడ్డ కొనిచ్చాను. రింగులు కొన్నవాళ్లందరికీ ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన పూసలు మా పాప బొమ్మల పెళ్లికి కావాలంటే ఇచ్చేశాను, కుళాయి దగ్గర ఆడొద్దని చెప్పి.