పాత బరువు మిషన్: లోపలి ఇనుము ఉంచాలా, లోడ్‌సెల్ పెట్టాలా?

మా అమ్మ ట్రంకు పెట్టెలో ఒక అట్టముక్క ఉంది. పాత రైలు టికెట్టంత ఉంటుంది. ఒకవైపు 42 అనే అంకె, రెండోవైపు అదృష్టం గురించి ఒక వాక్యం. పాకాల జంక్షన్‌లో రైలు ఆలస్యమైన రోజు, నేను మారాం చేస్తే అమ్మ అర్ధరూపాయి వేసి తీసిన కార్డు అది. రంగు బల్బులు వెలిగి ఆరుతూ, లోపల చక్రం గిర్రున తిరిగి ఆగి, టక్కున బరువు కార్డు పడే ఆ స్టేషన్ మిషన్ని మా తరంలో మరిచిపోయినవాళ్లు ఉండరు. మా వైపు తులాభారం మొక్కున్న ఇళ్లల్లో బిడ్డ ఎన్ని కిలోలున్నాడో ముందే చూసుకునేవాళ్లు. బెల్లమైనా కలకండైనా రూపాయి బిళ్లలైనా కొండ మీద అంతకు అంత తూగాలి కదా. అలాంటివాళ్లు తిరుపతి స్టేషన్లో రైలు దిగగానే వెళ్లి నిలబడింది ఈ మిషన్ మీదే.

పోయినేడు రేణిగుంట రోడ్డులో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టు వెనక అలాంటిదే కనబడింది. ఇనుము తూకానికే ఇచ్చారు. నలుగురం పట్టుకుంటే గానీ ఇంటికి రాలేదు.

వచ్చాక ఇంట్లో రెండు మాటలయ్యాయి. మా బావమరిదికి ఎలక్ట్రానిక్స్ బాగా తెలుసు. "బావా, లోపలిదంతా పీకేద్దాం. నాలుగు లోడ్‌సెల్స్, ఒక చిన్న బోర్డు, ఒక థర్మల్ ప్రింటర్. రెండు ఆదివారాల పని" అన్నాడు. చిత్తూరు నుంచి పిలిపించిన కాటాల రిపేరు పెద్దాయన మాత్రం కింది పలక ఎత్తించి, టార్చి వేసి చూసి, "అరగలేదు సామీ, మురికి పట్టిందంతే" అన్నారు.

బావమరిది మాట తీసిపారేసేది కాదు. లోడ్‌సెల్ అంటే ఒక లోహపు ముక్క. బరువు పడితే కంటికి కనబడనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నటి తీగల నిరోధం ఆ వంపుతో మారుతుంది. హెచ్‌ఎక్స్711 అనే చిప్పు ఆ మార్పును అంకెగా మారుస్తుంది. 50 కిలోల సెల్స్ నాలుగు, ఆ బోర్డు కలిపి వెయ్యి లోపే వస్తాయి. సరిగ్గా అమరిస్తే తూకం కూడా పాతదానికంటే కచ్చితంగా ఉంటుంది. మిషన్ని కొట్టు ముందు పెట్టి రోజుకు పదిమందిని ఎక్కించుకోవాలనుకునేవాళ్లకు నేనూ ఇదే చెబుతాను. డబ్బు తీసుకుని తూచాలంటే ఏ పద్ధతైనా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి.

ఇంట్లో ఉంచుకునే మిషన్‌కి మాత్రం నా ఓటు పాత ఇనుముకే. కారణం కింది పలక ఎత్తినప్పుడు తెలిసింది. మనిషి బరువు నేరుగా స్ప్రింగు మీద పడదు. పలక కింద పొడవాటి ఇనుప మీటలు ఆ బరువును కొంతకొంత తగ్గిస్తూ పైకి అందిస్తాయి. ప్రతి మీటా ఒక కత్తి అంచు మీద ఊగుతుంది. వేలెడంత ఉక్కు ముక్క, మూడు పలకలుగా సానబెట్టింది, గాడిలో బోర్లా కూర్చుని ఉంటుంది. మొదటి దాని చుట్టూ దుమ్ము, గ్రీజు కలిసి నల్లటి చెక్కు కట్టింది. కిరసనాయిలులో బ్రష్ ముంచి రుద్దుతుంటే అడుగు నుంచి వెంట్రుకంత సన్నటి మెరుపు గీత బయటపడింది. అది చూశాక దాన్ని పీకి పారేయడానికి నాకు చేతులు రాలేదు.

తుడిచాక నూనె రాయబోతే పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. కత్తి అంచు పొడిగా ఉండాలట. నూనె ఉంటే దుమ్ము అంటుకుని మళ్లీ అదే చెక్కు కడుతుంది, ముల్లు బద్ధకంగా కదులుతుంది. నూనె కావలసింది ఇంకోచోట. ముల్లు ఊగకుండా ఆపడానికి నూనె నింపిన చిన్న సిలిండర్, అందులో ఒక పిస్టన్ ఉంటాయి. మా మిషన్లో అది పూర్తిగా ఎండిపోయింది, మనిషి ఎక్కితే ముల్లు ఒకపట్టాన నిలిచేది కాదు. నూనె పోశాక రెండు ఊపులకే నిలబడింది. మన ఎండాకాలంలో నూనె పలచబడి మళ్లీ నాలుగైదు ఊపులు ఊగుతోంది. లోడ్‌సెల్‌కి ఈ బాధ లేదు, ఒప్పుకుంటాను.

కార్డు విషయంలో నాకు రెండో మాటే లేదు, పాత అట్ట కార్డే. చిన్న థర్మల్ ప్రింటర్ కాగితం చుట్ట వెడల్పు 57 మిల్లీమీటర్లు. పాత రైలు టికెట్టు పొడవూ దాదాపు అంతే. కానీ థర్మల్ కాగితం మీద అక్షరం వేడితో పుడుతుంది, వేడికే పోతుంది. మే నెలలో చొక్కా జేబులో పెట్టుకుంటే ఎన్నాళ్లుంటుంది? అమ్మ కార్డు మీద సిరా ఇంకా అలాగే ఉంది.

నాణేల దగ్గర అనుకోని అదృష్టం కలిసొచ్చింది. మా మిషన్ గాడి 1988 నుంచి వచ్చిన స్టీలు అర్ధరూపాయికి సరిచేసి ఉంది. దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు. 2011లో వచ్చిన రూపాయి బిళ్లదీ ఇంచుమించు అదే కొలత. వేశాను, టక్కున పట్టుకుంది. 2019 తర్వాతి రూపాయి 20 మిల్లీమీటర్లే కాబట్టి జారి కింద పడుతుంది. అన్ని బిళ్లలూ తీసుకునే ఎలక్ట్రానిక్ గాడి దొరుకుతుంది, కానీ నేను ఒక డబ్బాలో పాత రూపాయలు వేసి పక్కన పెట్టాను.

పాతది అసలు ఉంచకూడనిది వైరింగు. ఇనుప పలక మీద జనం ఒట్టి కాళ్లతో నిలబడతారు. మా మిషన్లో రబ్బరు తొడుగు వేలితో తాకితే పొడిగా రాలింది. మొత్తం కొత్త వైరు లాగించి, బాడీకి ఎర్త్ ఇచ్చి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించాను. ఇక్కడ పాతదనం మీద ప్రేమ పనికిరాదు. బల్బులూ మార్చాను. జీరో బల్బు అంటాం గానీ ఒక్కోటి 15 వాట్ల దాకా కాలుస్తుంది. పన్నెండు బల్బుల వేడికి వెనక రంగు పెచ్చులూడింది. అదే హోల్డర్‌లో పట్టే రంగు ఎల్‌ఈడీలు పెట్టాను. పాత బల్బు మెల్లగా ఆరే అందం మాత్రం వీటికి రాదు.

రంగు గీకి కొత్తగా వేయిస్తే తళతళలాడేది. నేను సబ్బు నీళ్లతో తుడిచి వదిలేశాను, చేత్తో రాసిన తెలుగు, తమిళ అక్షరాలు పోతాయని. గీకి తీరాలంటే తడిపి గీకండి, పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ.

మొన్న ఆదివారం 20 లీటర్ల నీళ్ల క్యాను ఒక్కో మూలా పెట్టి చూశాం. మూడు మూలల్లో ఒకే తూకం, నాలుగో మూల 400 గ్రాములు ఎక్కువ. "దీనికి నాలుగు లైన్ల కోడ్ చాలు బావా" అన్నాడు బావమరిది. పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆ మూల కత్తి అంచు గాడిలో కొంచెం పక్కకు జరిగి ఉంటుందట. బుధవారం వస్తానన్నారు.