కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కి మాక్రో దొరకకపోతే: ప్యాకేజీ వేసుకోవాలా, ఎం4 ఫైల్ ప్రాజెక్టులో పెట్టుకోవాలా?

గిట్ నుంచి తెచ్చుకున్న సీ ప్రాజెక్టులో ఆటోరీకాన్ఫ్ (బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని తయారుచేసే కమాండ్) నడిపితే "పాసిబ్లీ అన్‌డిఫైన్డ్ మాక్రో: ఏసీ_ఎంఎస్‌జీ_ఎర్రర్" అని ఆగిపోయిందా? ఆ మెసేజ్ చూపించే పేరు వెంట పడకండి. ఏసీ_ఎంఎస్‌జీ_ఎర్రర్ ఆటోకాన్ఫ్ (కాన్ఫిగర్.ఏసీ ఫైల్ నుంచి కాన్ఫిగర్ స్క్రిప్ట్ రాసే టూల్) సొంత మాక్రో, అంటే విప్పితే షెల్ కోడ్‌గా మారే పేరు. అది ఎప్పుడూ ఉంటుంది. చాలాసార్లు దొరకనిది దాని చుట్టూ ఉన్న పీకేజీ_చెక్_మాడ్యూల్స్. దాని నిర్వచనం పీకేజీ.ఎం4 ఫైల్లో ఉంటుంది, ఆ ఫైల్ లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ టూల్‌తో వస్తుంది. బయటి మాక్రో విప్పుకోలేదు కాబట్టి లోపలిదీ అలాగే మిగిలిపోయింది.

లోపల ఏసీ మాక్రో ఏదీ లేకపోతే ఇంకా ఇబ్బంది. ఏసీ_, ఏఎం_ పేర్లు మిగిలిపోతే ఆటోకాన్ఫ్ పట్టుకుంటుంది. పీకేజీ_ పేర్లను పట్టుకోమనే నియమం మాత్రం పీకేజీ.ఎం4లోనే ఉంది. ఫైలే లేకపోతే నియమమూ లేనట్టే. కాన్ఫిగర్ స్క్రిప్ట్ చక్కగా తయారై, నడిపినప్పుడు షెల్ సింటాక్స్ ఎర్రర్‌తో పడిపోతుంది.

కేవలం బిల్డ్ చేసుకునేవాళ్లకు ప్యాకేజీ వేసుకోవడమే మేలు. పీకేజీ_ మాక్రోలకు పీకేజీ-కాన్ఫిగ్, లైబ్రరీలు కట్టే మాక్రోలకు లిబ్‌టూల్, ఏఎక్స్_ మాక్రోలకైతే (అందరూ వాడుకునే అదనపు మాక్రోలు) ఆటోకాన్ఫ్-ఆర్కైవ్. వేశాక ఆటోరీకాన్ఫ్‌ని -ఎఫ్ఐ ఆప్షన్‌తో మళ్లీ నడపాలి, లేకపోతే పాత ఏక్లోకల్.ఎం4 (ఏక్లోకల్ అనే టూల్ మాక్రోలను పోగుచేసే ఫైల్) అలాగే ఉండిపోవచ్చు. ప్యాకేజీ ఉన్నా దొరకడం లేదంటే ఆటోమేక్ (ఏక్లోకల్ దీనితోనే వస్తుంది) ఒక చోట, మాక్రోలు ఇంకో చోట ఉన్నాయేమో చూడండి. సొంతంగా యూజర్ లోకల్‌లో కట్టుకున్న ఆటోమేక్ మామూలుగా తన షేర్ ఫోల్డర్‌నే వెతుకుతుంది. అప్పుడు ఏక్లోకల్_పాత్ వేరియబుల్‌లో మాక్రోలున్న ఆ రెండో ఫోల్డర్ పేరు ఇస్తే చాలు.

ప్రాజెక్టు నడిపేవాళ్లకు నా సలహా వేరు. ఏఎక్స్_ మాక్రోలను, పీకేజీ.ఎం4ను ప్రాజెక్టు ఎం4 ఫోల్డర్‌లోనే పెట్టండి. ఏక్లోకల్‌కి -ఐ ఎం4తో పాటు --ఇన్‌స్టాల్ ఇస్తే అదే కాపీ చేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఈ టెన్షన్ ఉండదు. లిబ్‌టూల్ ఫైళ్లను మాత్రం కాపీ చేసి వదిలేయొద్దు: లిబ్‌టూల్.ఎం4 ఒక వెర్షన్, దాని జంట స్క్రిప్ట్ ఎల్‌టీమెయిన్.ఎస్‌హెచ్ ఇంకో వెర్షన్ అయితే బిల్డ్ మధ్యలో ఆగుతుంది.

కాపీ పెట్టుకున్న ఎం4 ఫైల్ కూడా కోడే. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ టూల్‌లో బయటపడ్డ బ్యాక్‌డోర్‌కి (రహస్య చొరబాటు మార్గానికి) దారి తెరిచింది దాని 5.6.0, 5.6.1 విడుదలల టార్‌బాల్‌లలో (కోడ్ ఆర్కైవ్‌లలో) మార్చి పెట్టిన ఒక ఎం4 ఫైలే. అది గిట్‌లో లేదు. అందుకే ఈ ఫైళ్లను గిట్‌లో పెట్టి, ప్రతి మార్పునూ రివ్యూ చేయాలని గట్టిగా చెప్తాను.

ఇక ఎర్రర్ మెసేజే సూచించే ఎం4_ప్యాటర్న్_అలో జోలికి వెళ్లొద్దు. అది హెచ్చరికను ఆపుతుందే తప్ప మాక్రోను తెచ్చిపెట్టదు. దానికి బదులు కాన్ఫిగర్.ఏసీలో పీకేజీ_, ఏఎక్స్_ పేర్లకు ఎం4_ప్యాటర్న్_ఫర్బిడ్ లైన్ రాయండి. లేని మాక్రో ఆటోకాన్ఫ్ దశలోనే, తన అసలు పేరుతో బయటపడుతుంది.