బరంపురంలో ఫైల్ సర్వర్ రిపేరు: పిలవదగ్గ సర్వీసు

పాత బస్టాండు వైపున్న ఈ సర్వీసువాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. వస్తూనే ఫార్మాట్ అనరు, అదే పెద్ద మేలు. ముందు పింగ్ (సర్వర్ నెట్‌వర్క్‌లో పలుకుతోందా అనే పరీక్ష), ఆపై ఫైళ్ల పంపకం నడిచే 445 పోర్టు చూస్తారు. పింగ్ వచ్చి పోర్టు మూసి ఉంటే సాంబా (ఫైళ్లను పంచే సర్వర్ ప్రోగ్రాం) ఆగిపోయినట్టు, లేదా ఫైర్‌వాల్ అడ్డుపడుతున్నట్టు. పేరుతో తెరుచుకోక ఐపీతో (సర్వర్ అంకెల చిరునామాతో) తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉంది, పేరును వెతకడంలోనే లోపం. పాత స్కానర్ ఒక్కటే కనెక్ట్ కాకపోతే అది ఎస్‌ఎంబీ 1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) అడుగుతుండవచ్చు, సాంబా 4.11 నుంచి అది డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. భద్రత కోసం దాన్ని మళ్లీ తెరవకుండా స్కాన్లను ఎఫ్‌టీపీకి (ఫైళ్లు పంపే మరో పద్ధతికి) మళ్లిస్తారు. సరైన పని.

క్రాష్ అయితే లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా), డిస్కులో ఖాళీ, స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే నివేదిక) వరసగా చూస్తారు. పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగా చదవలేకపోతున్న భాగాలు) పెరుగుతుంటే ముందు బ్యాకప్, తర్వాతే డిస్కు మార్పు. యూపీఎస్ బ్యాటరీ పరీక్ష మాత్రం మనమే అడగాలి.